రెక్కాడితే గాని... - చేతినొప్పికి ఒక చరిత్ర

2020 మార్చి మూడో వారంలో హైదరాబాద్ హాస్టల్ ఖాళీ చేసి నేనూ, మా చెల్లీ వాడరేవు చేరుకున్నాం. నా చేతిలో సగం రాసిన సిద్ధాంత గ్రంథం, చెల్లి చేతిలో కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్. వసారాలో ప్లాస్టిక్ కుర్చీ, అమ్మ కూరగాయలు తరిగే చెక్కబల్ల... అదే మా ఇద్దరి ఆఫీసు. జూన్ వచ్చేసరికి నా కుడిచెయ్యి నా మాట వినడం మానేసింది. భుజం నుంచి మొదలై మోచేతి మీదుగా చిటికెన వేలి దాకా ఒకటే సలుపు. జడ వేసుకోవాలంటే చెయ్యి లేచేది కాదు.

మంచం మీంచి చూస్తున్న అమ్మమ్మ అడిగింది, "రెక్క పీకుతుందా అమ్మాయ్?" అని.

అవునన్నాను. "పొద్దుటికంటే రాత్రి ఎక్కువా? పడుకున్నా తగ్గదు కదూ? వేళ్ళు తిమ్మిరెక్కుతాయా?" అంటూ ఒక్కొక్కటే అడుగుతూపోయింది. అన్నిటికీ అవుననే చెప్పాను. కంప్యూటర్ అంటే ఏమిటో తెలియని మనిషికి నా నొప్పి ఇంత వివరంగా ఎలా తెలుసు? అమ్మమ్మ పేరాలలో మగ్గం ఇంట్లో పుట్టి, మగ్గం ఇంటికే కోడలైంది. ఏడేళ్ళ వయసు నుంచి అరవై దాటేదాకా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టింది. కుడిచేత్తో రాట్నం తిప్పడం, ఎడమచేత్తో నూలు పట్టడం. నేను చెప్పిన నొప్పి ఆమెకు కొత్తదేమీ కాదు. పనిముట్టు మారిందంతే.

కొన్నాళ్ళకు ఊళ్ళు తెరిచాక ఒక ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఎక్స్‌రే చూసి ఏమీ లేదన్నారు. "పెళ్ళయిందా?" అని అడిగారు. కాలేదన్నాను. "చదువు టెన్షన్ అమ్మా, పెద్దగా పట్టించుకోకండి" అని కాల్షియం మాత్రలు రాశారు. నేను రోజుకు ఎన్ని గంటలు, ఎలా కూర్చుని, ఏం పని చేస్తున్నానో ఆయన అడగలేదు. అమ్మమ్మ అడిగిన మొదటి ప్రశ్న మాత్రం అదే. "ఎంతసేపు చేస్తన్నావే ఆ పని?"

ఈ రెండు సంభాషణలకూ మధ్య ఉన్న దూరం గురించే ఈ వ్యాసం.

తెలుగులో చేతికి ‘రెక్క’ అన్న పేరు శ్రమతోనే వస్తుంది. ఆశీర్వదించేది చెయ్యి, వడ్డించేది చెయ్యి, దానం చేసేదీ చెయ్యే. కూలి చేసేటప్పుడు మాత్రం అది రెక్క అవుతుంది. రెక్కల కష్టం, రెక్కలు ముక్కలు చేసుకోవడం, రెక్కాడితే గాని డొక్కాడదు. ఈ సామెతను నేను ఎన్నో పరీక్షల్లో సొంతవాక్యంలో ప్రయోగించాను. ఆ రెక్క ఆడి ఆడి ఆగిపోతే ఏమవుతుందో సామెత చెప్పదని అప్పుడు తోచలేదు. సాహిత్య విద్యార్థిగా నాకు తెలిసిన మార్గం ఒక్కటే, పుస్తకాల్లో వెతకడం. చేతినొప్పికి చరిత్ర ఉందా అని వెతకడం మొదలుపెట్టాను. ఉంది. ఎప్పటికప్పుడు మరుపున పడేసిన చరిత్ర అది.

వృత్తివ్యాధుల మీద మొదటి సమగ్ర గ్రంథం రాసినవాడు బెర్నార్దినో రమజ్జీని. ఇటలీ వైద్యుడు. 1700లో మొదటిసారి అచ్చయిన ఆ పుస్తకాన్ని 1713లో పెంచి మళ్ళీ వేశాడు. ఆ కూర్పులో లేఖకుల మీద ఒక అధ్యాయం ఉంది. రోజంతా లెక్కలు, పత్రాలు రాసే గుమాస్తాల చెయ్యి ఎందుకు మొద్దుబారుతుందో అతను మూడు కారణాలు చెప్పాడు. కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఎప్పుడూ ఒకే తీరులో కదలడం, తప్పు పోతుందేమోనన్న నిరంతర మానసిక ఒత్తిడి. మూడువందల ఏళ్ళ తర్వాత ఈనాటి ఏ ఫిజియోథెరపిస్టును అడిగినా దాదాపు ఇవే చెబుతారు. రోగిని చూసినప్పుడు నీ పని ఏమిటి అని తప్పక అడగమని వైద్యులకు చెప్పినవాడు కూడా రమజ్జీనియే. ఆ ప్రశ్న నా డాక్టరుగారి దాకా రాలేదు.

తర్వాత టెలిగ్రాఫ్ వచ్చింది. ఒకే మీటను వేలసార్లు నొక్కే ఉద్యోగులకు చెయ్యి బిగుసుకుపోయేది. అమెరికా టెలిగ్రాఫ్ ఉద్యోగులు దానికి ‘గాజు చెయ్యి’ అని పేరు పెట్టుకున్నారు. గాజు అనగానే మనకు గలగల వినిపిస్తుంది. వాళ్ళ దృష్టిలో అది పగిలే చెయ్యి. ఆ బాధ తగ్గించడానికే హోరేస్ మార్టిన్ అనే అతను, చుక్కలను తనంతట తానే కొట్టే అడ్డమీటను తయారుచేసి 1904లో పేటెంటు పొందాడు. బ్రిటన్ ప్రభుత్వం 1908లో ‘టెలిగ్రాఫిస్టుల చెయ్యి ఈడ్పు’ను నష్టపరిహారం ఇవ్వదగిన వృత్తివ్యాధుల జాబితాలో చేర్చింది. ఫిర్యాదులు పెరిగేసరికి తపాలా శాఖ ఒక కమిటీ వేసింది. 1911లో వచ్చిన దాని నివేదిక ఈ నొప్పికి రెండు కారణాలు చూపింది. పదే పదే కలిగే అలసట ఒకటి, ఉద్యోగిలోనే ఉన్న నరాల బలహీనత రెండోది. ఈ రెండో కారణం ఎంత ఉపయోగకరమైనదో చూడండి! తప్పు సగం పనిది, సగం మనిషిది అయిపోయింది. కాలం గడిచేకొద్దీ మనిషి వాటా పెరుగుతూ వచ్చింది, పని వాటా తరుగుతూ వచ్చింది.

ఆ మనిషి స్త్రీ అయినప్పుడు ఈ తూకం ఇంకా వేగంగా ఒరిగిపోయింది. రెమింగ్టన్ టైపురైటర్ 1874లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. కొద్ది దశాబ్దాల్లోనే అక్కడ టైపింగ్ ఆడవాళ్ళ పనైపోయింది. ఆ రోజుల్లో ఇంగ్లీషులో ‘టైపురైటర్’ అంటే యంత్రమూ, దాని ముందు కూర్చునే స్త్రీ కూడా. మనిషికీ యంత్రానికీ ఒకే పేరు! మన దగ్గర టైపిస్టు గుమాస్తాలు చాలాకాలం మగవాళ్ళే. తర్వాత కోస్తాలోని ప్రతి చిన్న పట్టణంలోనూ టైపు ఇన్‌స్టిట్యూట్లు వెలిశాయి. ఇంటరయ్యాక పెళ్ళయ్యేదాకా ఖాళీగా ఉండటమెందుకని ఆడపిల్లలు లోయర్, హయ్యర్ పరీక్షలు రాశారు. మా అమ్మ చీరాలలో అలాగే హయ్యర్ పాసై ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరింది. నాలుగు కార్బన్ కాగితాల కింద కూడా అక్షరం పడాలంటే మీటను ఎంత బలంగా కొట్టాలో అమ్మ ఇప్పటికీ బల్ల మీద కొట్టి చూపిస్తుంది. అయితే ఆమె మరో మాట కూడా చెప్పింది. వరస అయిపోగానే ఎడమచేత్తో క్యారేజీ వెనక్కి తొయ్యాలి, పేజీ అయిపోతే కాగితం మార్చాలి, రిబ్బన్ చిక్కుకుంటే లేవాలి. యంత్రమే విశ్రాంతి ఇచ్చేది. కంప్యూటర్ ఆ చిన్న చిన్న విరామాలన్నిటినీ తీసేసింది. మీట మెత్తనైంది, పనికి మాత్రం తెరిపి లేకుండా పోయింది.

యుద్ధానంతర జపాన్‌లో కార్డులకు చిల్లులు కొట్టి కంప్యూటర్లకు లెక్కలు ఎక్కించే పనిలోకి యువతులు పెద్ద సంఖ్యలో వచ్చారు. మెడా, భుజం, చెయ్యి నొప్పులతో వాళ్ళు పడ్డ బాధ దేశమంతా చర్చకు వచ్చింది. 1964లో అక్కడి కార్మిక శాఖ నిబంధనలు పెట్టింది. రోజుకు 300 నిమిషాలకు మించి ఆ పని చేయించకూడదు, గంటకోసారి 10 నిమిషాలు విరామం ఇవ్వాలి, రోజుకు 40,000 మీటలకు మించి కొట్టించకూడదు. ఆడపిల్లల వేళ్ళ కదలికను లెక్కగట్టి, ఇంతకు మించి అడగకూడదని ఒక ప్రభుత్వం చెప్పిన సందర్భం అది. ఆ 40,000 అంకెను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వద్దాం.

1980లలో ఆస్ట్రేలియా వంతు వచ్చింది. ప్రభుత్వ కార్యాలయాల్లో, టెలికాం శాఖలో కీబోర్డు ముందు పనిచేసే వేలమంది, ముఖ్యంగా స్త్రీలు, చెయ్యి ఆడటం లేదన్నారు. మొదట సానుభూతి దొరికింది, తర్వాత ఎగతాళి. ‘కంగారూ పంజా’ అని హాస్యమాడారు. ఇది హిస్టీరియా అనీ, పరిహారం డబ్బు కోసం పెట్టుకున్న నొప్పి అనీ వైద్య పత్రికల్లోనే రాశారు. 1987లో పన్నుల శాఖలో పనిచేసిన ఒక టైపిస్టు వేసిన దావా ఓడిపోయింది. ఆ తర్వాత ఫిర్యాదులు పడిపోయాయి. చూశారా, నొప్పే లేదు అన్నారు కొందరు. ఫిర్యాదు ఆగితే నొప్పి ఆగినట్టేనా? గృహహింస మీద పనిచేసిన మనకు ఈ తర్కం కొత్తదేమీ కాదు.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి. ఆస్ట్రేలియా టెలికాం లెక్కల్లో, గంటకు వేల మీటలు కొట్టే టెలిగ్రాఫ్ ఉద్యోగుల కంటే, చాలా తక్కువ కొట్టే టెలిఫోన్ ఆపరేటర్లలో ఫిర్యాదులు ఎక్కువగా కనిపించాయి. మణికట్టు దగ్గర నరం నలిగే జబ్బు కంప్యూటర్ వాడేవారిలో మిగతావారి కంటే ఎక్కువగా లేదని 2001లో అమెరికాలోని మేయో క్లినిక్ అధ్యయనం తేల్చింది. అంటే మీటల లెక్క ఒక్కటే సరిపోదు. ఆ పని మీద మనిషికి ఎంత అదుపు ఉంది, వెనక ఎవరు కాపలా ఉన్నారు, లేచి మంచినీళ్ళు తాగడానికి ఎవర్ని అడగాలి, ఇంటికెళ్ళాక ఏం ఎదురుచూస్తోంది... ఇవన్నీ కండరంలో దాక్కుంటాయి. నొప్పి మనసులో ఉందన్నవాళ్ళకూ, చేతిలో ఉందన్నవాళ్ళకూ మధ్య జరిగిన వాదంలో ఎవరూ పలకని మాట, నొప్పి పనిలో ఉందన్నది.

మళ్ళీ మన నేల మీదికి వద్దాం. తేలియా రుమాళ్ళకు చీరాల పుట్టిల్లు. ఆముదం కాయల బూడిద, నూనె కలిపి నానబెట్టిన నూలుతో నేసిన ఆ ఎర్రటి రుమాళ్ళు అరబ్బు దేశాల దాకా తలపాగాలై వెళ్ళాయి. ఆ చిటికీ విద్య ఇక్కడి నుంచే నల్గొండ ప్రాంతపు పుట్టపాక, పోచంపల్లి వైపు సాగిందని చేనేత చరిత్ర చెబుతుంది. ఆ విద్యలో రంగులద్దడానికి ముందు నూలును అర్ధచంద్రాకారంలో ఉన్న చీలల చుట్టూ వరసగా తిప్పాలి. దాన్నే ఆసు పోయడం అంటారు. అది ఆడవాళ్ళ పని. ఒక చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. రోజుకు రెండు చీరలైతే 18,000 సార్లు. జపాన్ ప్రభుత్వం 40,000 దగ్గర గీత గీసింది వేలి కదలికకు. ఇక్కడ ప్రతిసారీ కదిలేది మొత్తం రెక్క, భుజం కీలుతో సహా. దీనికి గీత గీసిన జీవో ఏదీ నాకు కనిపించలేదు.

ఆలేరు మండలం శారాజీపేటలో లక్ష్మి అనే తల్లి ఆ నొప్పి భరించలేక ఆసు పోయలేనని బాధపడుతుంటే చూసిన కొడుకు చింతకింది మల్లేశం, ఆరో తరగతితో చదువు ఆగిపోయిన కుర్రాడు, ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి లక్ష్మీ ఆసు యంత్రమని అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది. ఆ సినిమా చూస్తూ మా అమ్మమ్మ కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను. మల్లేశం చేసింది మామూలు పని కాదు. ఎన్నో వేలమంది స్త్రీల భుజాల మీది బరువు దించిన పని. అయినా ఇంటికొచ్చాక ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. అంతకుముందు తరతరాలుగా ఎంతమంది లక్ష్ములు ఆ రెక్కల నొప్పితోనే ముసలివాళ్ళయి ఉంటారు? వాళ్ళ నొప్పి అప్పటిదాకా ఒక సమస్యగా ఎందుకు లెక్కకు రాలేదు?

ఎందుకంటే ఆ పనే లెక్కలో లేదు. చీర ఖరీదులో నేసినవాడి కూలి కనిపిస్తుంది. కండె చుట్టిన చెయ్యి, ఆసు పోసిన చెయ్యి, గంజి పెట్టిన చెయ్యి ‘ఇంటి సాయం’ కిందికి పోతాయి. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలోని 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికుల్లో 72 శాతం స్త్రీలే. అయినా నేతగాడు అనగానే మన కళ్ళముందు మగ్గం గుంటలో కూర్చున్న పురుషుడే కనిపిస్తాడు. కూలి లేని పనికి గాయం కూడా ఉండదు. గుంటూరు మిర్చి తొడిమెలు తీసే చేతులకూ, మా జిల్లాలో పొగాకు ఆకు ఏరి గ్రేడు కట్టే చేతులకూ కూలి ఉంది. వాటి నొప్పికి మాత్రం పేరు లేదు. వయసైపోయింది అన్న ఒక్క మాటతో సరిపెడతారు, నలభై ఏళ్ళకే!

స్వీడన్ శాస్త్రవేత్త గోరన్ హాగ్ 1991లో ఒక పరికల్పన ప్రతిపాదించాడు. దాని పేరు చదివి సాహిత్యం చదువుకున్న నేను ఉలిక్కిపడ్డాను. ‘సిండ్రెల్లా’ పరికల్పన. ఏదైనా తేలికపాటి పని మొదలుకాగానే కండరంలో కొన్ని చిన్న పోగులు అన్నిటికంటే ముందు లేస్తాయట. కండరం పూర్తిగా సడలేదాకా అవి పనిచేస్తూనే ఉంటాయట. పెద్ద బరువులెత్తే పోగులు వచ్చిపోతుంటాయి, వీటికి మాత్రం విరామం లేదు. అందుకే మీట నొక్కడంలాంటి సుతారమైన పనే ఎక్కువ దెబ్బ తీస్తుంది. అందరికంటే ముందు లేచి అందరికంటే వెనక పడుకునేది ఎవరో తెలుసుకోవడానికి మనకు సిండ్రెల్లా దాకా వెళ్ళాల్సిన అవసరముందా? ప్రతి ఇంట్లోనూ ఉంది ఆ మనిషి. ఆ మనిషి భుజంలోనూ అలాంటి పోగులే ఉన్నాయి.

అదే స్వీడన్‌లో వోల్వో కంపెనీ ఉద్యోగుల మీద జరిగి 1989లో అచ్చయిన ఒక అధ్యయనం ఉంది. సాయంత్రం ఇంటికి వెళ్ళగానే మగ మేనేజర్లలో ఒత్తిడి హార్మోను తగ్గుతూ వచ్చింది. ఆడ మేనేజర్లలో తగ్గలేదు. వాళ్ళకు సాయంత్రం ఐదు తర్వాత రెండో షిఫ్టు. మనసు బిగిసి ఉన్నంతసేపూ భుజం కండరం సడలదు. వాడరేవు వసారాలో మా చెల్లి రాత్రి తొమ్మిదింటికి అమెరికా వాళ్ళతో కాల్ మాట్లాడుతూ ఒక చేత్తో మౌస్, ఇంకో చేత్తో చిక్కుళ్ళకు ఈనెలు తీయడం నేను చూశాను. ఇంటి నుంచి పని అంటే ఇంటిపని ఆగడం కాదు కదా. ఆ రెండేళ్ళూ రెండు షిఫ్టులూ ఒకే కుర్చీలో కలిసిపోయాయి.

1998 నవంబరులో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు తెలుగువాళ్ళ ఊహల్లో కొత్త పనిమనిషి పుట్టింది. చల్లని గది, మెత్తని కుర్చీ, చెమట పట్టని పని. చెమట లేని చోట గాయం ఉంటుందని ఎవరనుకుంటారు? అమెరికా డాక్టర్ల మాటలు చెవిలో వింటూ రాత్రంతా టైపు చేసిన మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అమ్మాయిలు, కాల్ సెంటర్ అమ్మాయిలు, అక్షరానికింత అని డేటా కొట్టినవాళ్ళు ఆ ఊహలోకి రాలేదు. మన మాటే చూసుకుందాం. స్త్రీల రచనలను దశాబ్దాలుగా అచ్చులోకి తెచ్చింది చిన్న చిన్న గదుల్లో పేజీకింత కూలికి కూర్చున్న డి.టి.పి. అమ్మాయిలు. నా మొదటి వ్యాసం అలాగే అచ్చయింది. మన చేతిరాతను, మన కొట్టివేతలను, చివరి నిమిషం దిద్దుబాట్లను మోసింది ఆ భుజాలు. శ్రమ అదృశ్యం కావడం గురించి నేను ఆ వ్యాసంలో చాలా ఆవేశంగా రాశాను. దాన్ని టైపు చేసిన అమ్మాయి పేరు కూడా నాకు తెలియదు.

చట్టం సంగతి కూడా చూశాను. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడవ షెడ్యూలులో 29 వ్యాధుల పేర్లుండేవి. సీసం, పాదరసం, సిలికోసిస్, పత్తి ధూళితో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, చప్పుడుతో వచ్చే చెవుడు. చేతి కండరాలు, భుజాల నొప్పి లేదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ జాబితాలోనూ దానికి చోటు దొరకలేదు. యూరప్‌లో 1990లోనే కంప్యూటర్ తెర ముందు పని మీద ఆదేశం వచ్చింది, విరామం ఇవ్వడం యజమాని బాధ్యత అయింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తివ్యాధుల జాబితాలో పదే పదే చేసే కదలికల వల్ల వచ్చే చేతి జబ్బులు పేరు పేరునా ఉన్నాయి. టెలిగ్రాఫ్ ఉద్యోగి చేతికి బ్రిటన్ 1908లో ఇచ్చిన గుర్తింపు, వందేళ్ళు దాటాక కూడా మన కీబోర్డు ఉద్యోగినికి అందలేదు. మన దేశంలో 2013 జూలైలో టెలిగ్రామే చరిత్రలో కలిసిపోయింది, చెయ్యి మాత్రం ఇంకా మీట మీదే ఉంది.

స్త్రీవాద సాహిత్యం శరీరం గురించి మాట్లాడలేదని ఎవరూ అనలేరు. 1993లో ‘నీలిమేఘాలు’ వచ్చినప్పుడు ఎంత దుమారం రేగిందో ఆ తర్వాత పుట్టినవాళ్ళం కూడా విన్నాం. ప్రసవం, గర్భస్రావం, నెలసరి, లైంగికత... వీటన్నిటికీ భాష దొరికింది. కానీ అవి ఎక్కువగా స్త్రీని స్త్రీగా గుర్తుపట్టే శరీర భాగాలు. భుజం, మోచెయ్యి, మణికట్టు అందరికీ ఉండేవే కాబట్టి వాటి మీద మన దృష్టి తక్కువ పడిందేమో అనిపిస్తుంది. పనిచేసే స్త్రీని మనం ఎంతో రాశాం, పని ఆమె కండరంలో ఏం రాసిందో చదవడం మిగిలిపోయింది. ‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లో ఆడవాళ్ళ నోటిమాటను చరిత్రగా నిలబెట్టింది. ఇప్పుడు ఆ నోటిమాట పక్కనే వాళ్ళ చేతుల సాక్ష్యాన్ని కూడా తీసుకోవాలి. మౌఖిక చరిత్రకు వెళ్ళినప్పుడు నేనిప్పుడు ఒక ప్రశ్న కొత్తగా అడుగుతున్నాను. "మీకు ఎక్కడ నొప్పి?" అని. అప్పటిదాకా నాకేం తెలుసమ్మా అంటూ సిగ్గుపడిన స్త్రీలు ఆ ప్రశ్నకు మాత్రం గంటసేపు మాట్లాడతారు. ఏ నొప్పి ఏ పనిదో, ఏ ఏట మొదలైందో, ఎవరికి చెప్పుకుంటే ఏమన్నారో అన్నీ. అది ఒక ఆర్థిక చరిత్ర.

నా చెయ్యి చాలావరకు కోలుకుంది. బల్ల ఎత్తు మార్చాను, గంటకోసారి లేస్తున్నాను, ఒక ఫిజియోథెరపిస్టు నేర్పిన కసరత్తులు చేస్తున్నాను. ఇవన్నీ చేయగలగడం నా సౌలభ్యమని తెలుసు. లేచి తిరిగితే కూలి కోసేవాళ్ళు నాకు లేరు. మా చెల్లి కంపెనీలో మౌస్ ఎంతసేపు కదలలేదో లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ ఉంది. చెయ్యి ఎంతసేపు ఆగలేదో లెక్కపెట్టేది లేదు.

అమ్మమ్మ 2022లో పోయింది. చివరి రోజుల్లో మంచం మీద పడుకుని, మగతలో కుడిచేతిని గుండ్రంగా తిప్పుతూ ఉండేది. నర్సు చూసి ఫిట్స్ అనుకుంది. అమ్మ దగ్గరికెళ్ళి ఆ చెయ్యి పట్టుకుని, "అయిపోయిందమ్మా, కండెలన్నీ అయిపోయినాయి, ఇక పడుకో" అంది. చెయ్యి ఆగింది.

ఏడో ఏట మొదలైన పని అది. ఏ రిజిస్టర్లోనూ ఆ పేరు లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను, నొప్పి పుట్టినప్పుడల్లా ఆగుతూ.